తెలుగు పుటకు బోధకుడెవరు? ద్విభాషా పాఠ్యపుస్తకం, బృంద బోధన: గుడిబండ ప్రాంత నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో గణితం, విజ్ఞానశాస్త్రం వంటి విషయాల పాఠ్యపుస్తకాలు ఒక పుట ఆంగ్లంలోనూ, ఎదుటి పుట తెలుగులోనూ ఉండే పద్ధతిలో వెలువడుతున్నాయి. ఆంగ్ల పుటలోని విషయాన్ని బోధించే బాధ్యత విషయ ఉపాధ్యాయునిది. తెలుగు పుటలోని సమాసభూయిష్ఠమైన పరిభాషను విప్పి చెప్పగల శిక్షణ ఉన్నది తెలుగు ఉపాధ్యాయునికి. వీరిద్దరినీ ఒకే పాఠం దగ్గరకు చేర్చే ఏర్పాటు పాఠశాల కాలపట్టికలో లేదు. ఇంట్లో కన్నడమో, కన్నడం కలిసిన తెలుగో మాట్లాడే గుడిబండ ప్రాంత విద్యార్థికి ఈ లోటు మరింత భారమవుతుంది. బృంద బోధన ఈ లోటును ఎంతవరకు పూరించగలదో, ఎక్కడ పూరించలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: బృంద బోధన, ద్విభాషా పాఠ్యపుస్తకం, పారిభాషిక పదాలు, సమాసం, సరిహద్దు ప్రాంతం, గుడిబండ.

1. ఉపోద్ఘాతం:

గుడిబండ ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడేవరకు అనంతపురం జిల్లాలో ఉండేది. (కర్ణాటకలో చిక్కబళ్ళాపురం జిల్లాలోని గుడిబండె వేరు. రెండింటినీ ఒకటిగా పొరబడటం తరచు జరిగేదే.) మడకశిర, రొళ్ళ, అగళి, అమరాపురం మండలాల మాదిరిగానే ఇదీ కన్నడ, తెలుగు భాషలు ఒకే ఇంటి గడపలో కలిసే ప్రాంతం. ఊరి పేరులోని గుడి, బండ అనే రెండు మాటలూ ఇరు భాషలవారికీ అర్థమయ్యేవే. ఈ సరిహద్దు మండలాల్లో కన్నడ మాధ్యమ పాఠశాలలు కూడా చాలాకాలంగా ఉన్నాయి.

ఇటువంటి ప్రాంతంలోని ఉన్నత పాఠశాల విద్యార్థికి భాష ఒక పాఠ్యవిషయం మాత్రమే కాదు. ఇంట్లో కన్నడం లేదా సీమ తెలుగు, తెలుగు వాచకంలో ప్రమాణ భాష, విజ్ఞానశాస్త్ర పుస్తకంలో ఆంగ్లం, దాని ఎదుట సంస్కృత పరిభాషతో నిండిన తెలుగు, రెండో భాషగా హిందీ. ఒక రోజులోని ఎనిమిది పీరియడ్లలో ఇన్ని భాషారూపాల మధ్య అతడు తిరుగుతాడు. ఉపాధ్యాయులు మాత్రం ఎవరి భాషలో వారు ఉండిపోతారు. గంట మోగినప్పుడల్లా ఒకరు వెళ్ళి మరొకరు వస్తారు. నాలుగో పీరియడ్‌లో చెప్పిన మాటకూ ఐదో పీరియడ్‌లో చెప్పిన మాటకూ సంబంధం కలుపుకొనే పని, తరగతిలో అందరికంటే తక్కువ తెలిసిన వ్యక్తికి, అంటే విద్యార్థికే, మిగులుతుంది.

2. బృంద బోధన, మాట వెనుక చరిత్ర:

ఇద్దరు లేక అంతకంటే ఎక్కువమంది ఉపాధ్యాయులు ఒకే విద్యార్థి బృందానికి కలిసి ప్రణాళిక వేసి, కలిసి బోధించి, కలిసి మూల్యాంకనం చేసే పద్ధతిని ఉపాధ్యాయ శిక్షణ గ్రంథాలు బృంద బోధన అంటాయి. ఈ పేరుతో పద్ధతి రూపుదిద్దుకొన్నది అమెరికాలో. 1957లో మసాచుసెట్స్ రాష్ట్రం లెక్సింగ్టన్‌లోని ఫ్రాంక్లిన్ పాఠశాలలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ సహకారంతో జరిగిన ప్రయోగం దీనికి తొలి ప్రసిద్ధ ఉదాహరణ. ఇటీవల ఫిన్లాండ్ 2016 నుంచి అమలులోకి తెచ్చిన పాఠ్యప్రణాళికలో ప్రతి విద్యార్థికీ ఏడాదికి ఒక్కటైనా బహువిషయక అధ్యయన భాగం ఉండాలన్న నియమం చేరింది. మన దేశంలో 2020 జాతీయ విద్యావిధానం విషయాల మధ్య గట్టి గోడలు ఉండకూడదన్నది. అయితే ఆ గోడలను కూల్చే పీరియడ్ ఎక్కడిదో ఏ పత్రమూ స్పష్టంగా చెప్పదు.

తెలుగునాట పలు తరగతులను కలిపి బోధించే ప్రయోగమనగానే మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గుర్తుకువస్తుంది. చుట్టుపక్కల గ్రామాల చిన్న బడుల కోసం అక్కడ రూపొందిన బహుళతరగతి బోధనా సామగ్రి దేశంలో చాలా రాష్ట్రాలకు చేరింది. కాని అది ప్రాథమిక స్థాయికి చెందినది. ఒకే ఉపాధ్యాయుడు అనేక తరగతులను నడపవలసిన అవసరంలోంచి పుట్టినది. ఉన్నత పాఠశాల సమస్య దీనికి తలకిందులు. అక్కడ ఉపాధ్యాయులు అనేకులు, తరగతి ఒకటి. అనేకులున్నా ఆ తరగతికి వారెప్పుడూ ఒక్కొక్కరుగానే కనిపిస్తారు.

3. 1823 నాటి నివేదిక, రెండు పరిశీలనలు:

ఈ ప్రాంతపు విద్యను గురించి లభ్యమవుతున్న పాత పత్రాల్లో ముఖ్యమైనది బళ్ళారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ 1823 ఆగస్టులో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక. 1882లో అనంతపురం జిల్లా విడివడేవరకు మడకశిర, పెనుకొండ, హిందూపురం ప్రాంతాలు బళ్ళారి జిల్లాలోనివే. కనుక ఆ నివేదిక ఈ నేలకూ వర్తిస్తుంది. గవర్నరు థామస్ మన్రో 1822లో ఆదేశించిన దేశీయ విద్యా సర్వేలో భాగంగా రాసిన ఈ పత్రంలో జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క ఉంది. వాటిలో కన్నడ పాఠశాలలు 235, తెలుగు పాఠశాలలు 226. మరాఠీ, పారశీకం, సంస్కృతం, తమిళం మిగిలినవాటిలో ఉన్నాయి, ఆంగ్ల పాఠశాల ఒక్కటే. రెండు ప్రధాన భాషలూ దాదాపు సరిసమానంగా నడిచిన జిల్లా ఇది.

క్యాంబెల్ 1816లో ఆంగ్లంలో తెలుగు వ్యాకరణం ప్రచురించినవాడు. ద్రావిడ భాషలు ఒక కుటుంబమని తేల్చిన ఎల్లిస్ రచన వెలుగుచూసింది ఆ గ్రంథానికి ముందుమాటగానే. అందువల్ల బడుల లెక్కలతో ఆగక, బోధనలో భాష పాత్రను గురించి అతడు చేసిన వ్యాఖ్యలకు అదనపు విలువ ఉంది. అందులో రెండు ప్రస్తుత చర్చకు కావలసినవి. మొదటిది ప్రశంస. పై అభ్యాసంలో ఉన్న విద్యార్థులు కింది వారికి నేర్పుతూ, ఆ క్రమంలో తమ విద్యను తాము గట్టిపరచుకొనే పద్ధతి మెచ్చదగినదనీ, ఇంగ్లండు దానిని అనుకరించిందనీ అతడు రాశాడు. మద్రాసులో ఆండ్రూ బెల్ అనాథ బాలుర ఆశ్రమంలో మొదలుపెట్టి ఇంగ్లండుకు తీసుకుపోయిన పర్యవేక్షక విద్యార్థి పద్ధతి ఇక్కడ సూచితం. రెండవది ఆక్షేపణ. పిల్లలు చదివే పద్యాల భాష వ్యవహార భాషకు భిన్నమైనదనీ, వందలకొద్దీ పద్యాలు అప్పజెప్పే పిల్లవాడికి వాటి అర్థం చిలుకకు తెలిసినంతే తెలుసుననీ అతడి ఫిర్యాదు.

వలసపాలకుని చూపుకు ఉన్న పరిమితులు ఈ ఆక్షేపణకూ ఉన్నాయి. కంఠస్థ విద్య కేవలం చిలుకపలుకు కాదని, అర్థం తరువాత వచ్చి చేరుతుందని వాదించవచ్చు. అయినా 200 ఏళ్ళ తరువాత అదే నేలమీద చిత్రమైన తారుమారు కనిపిస్తుంది. క్యాంబెల్ మెచ్చిన పద్ధతి, అంటే పెద్ద తరగతివారు చిన్నవారికి చెప్పడం, పూర్తిగా పోయింది. అతడు తప్పుపట్టినది మాత్రం పద్యాన్ని వదలి విజ్ఞానశాస్త్ర పుస్తకంలోకి చేరింది. నాటి బాలుడు పద్యాన్ని అప్పజెప్పినట్లే నేటి బాలిక కిరణజన్య సంయోగక్రియ నిర్వచనాన్ని అప్పజెబుతుంది.

4. ఎదురెదురు పుటలు:

2020-21 విద్యాసంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ద్విభాషా పాఠ్యపుస్తకాలను ప్రవేశపెట్టింది. ఆంగ్ల మాధ్యమానికి మారే క్రమంలో తెలుగు ఊతంగా ఉంటుందన్నది ఉద్దేశం. తరువాత ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు వరుసగా ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యప్రణాళికలోకి మారినా ఎదురెదురు పుటల పద్ధతి కొనసాగింది. మాధ్యమ వివాదంలోకి ఇక్కడ వెళ్ళవలసిన పనిలేదు. పుస్తకాన్ని పుస్తకంగా చూసినప్పుడు తేలే విషయమొకటి ఉంది. ఎదురెదురు పుటలు గల పుస్తకం ఇద్దరు పాఠకులను కాదు, ఇద్దరు బోధకులను కోరుతుంది.

ఆంగ్ల పుటకు బోధకుడున్నాడు. జీవశాస్త్ర స్కూల్ అసిస్టెంటు దానిని చదివి, వివరించి, ప్రశ్నలు అడుగుతాడు. తెలుగు పుట దగ్గరకు వచ్చేసరికి, అది దానంతటదే అర్థమవుతుందన్న నమ్మకం పనిచేస్తుంది. మాతృభాష కదా, చదువుకుంటే చాలునన్న భావన. ఆ పుటలో ఉన్నది మాతృభాష కాదన్న సంగతి మరుగున పడుతుంది. క్రియాపదాలు, విభక్తులు తెలుగువి. విషయాన్ని మోసే నామపదాలన్నీ సంస్కృత సమాసాలు. బాష్పోత్సేకం, అనువంశికత, విద్యుద్విశ్లేషణ వంటి మాటలు గుడిబండ విద్యార్థికే కాదు, గుంటూరు విద్యార్థికీ పరాయివే. గుంటూరు విద్యార్థికి కనీసం చుట్టూ ఉన్న వాక్యమైనా ఇంటిది. కన్నడ గృహభాషగా ఉన్న పిల్లవానికి వాక్యమూ నేర్చుకొన్నదే.

మరోవైపు అదే పాఠశాలలో, బహుశా పక్క గదిలోనే, తెలుగు ఉపాధ్యాయుడు సమాసాలు బోధిస్తుంటాడు. విగ్రహవాక్యం చెప్పడం, సమాసం పేరు గుర్తించడం పదో తరగతి తెలుగు పరీక్షలో మార్కులు తెచ్చే అంశం. అందుకు ఉదాహరణలు తరతరాలుగా మారనివి. ద్వంద్వానికి అన్నదమ్ములు, ద్విగువుకు నవగ్రహాలు, బహువ్రీహికి ముక్కంటి. ముక్కంటిని విడదీయగల విద్యార్థి సమద్విబాహు త్రిభుజాన్ని విడదీయడు. సమమైన రెండు బాహువులు కలది అన్న విగ్రహవాక్యం ముక్కంటి నడిచిన దారిలోనిదే. కాని అది గణితం సారు పీరియడ్‌లోని మాట, తెలుగు సారు అడగరు. తెలుగు బోధన తన చేతిలోని పరికరాన్ని తన వాచకం వెలుపల ఎక్కడా ప్రయోగించకపోవడం తెలుగు శాఖల బాధ్యతారాహిత్యమే. విజ్ఞానశాస్త్ర బోధకులను తప్పుపట్టే ముందు ఈ మాట ఒప్పుకోక తప్పదు.

5. పారిభాషిక పదం దగ్గర ఇద్దరు:

ఇద్దరు ఉపాధ్యాయులు ఒకే గదిలో ఉంటే ఏమవుతుందో కొన్ని పదాల ఆధారంగా చూడవచ్చు.

వక్రీభవనం. ఈ మాటను భవనంతో ముడిపెట్టుకొనే విద్యార్థి తప్పు చేసినవాడు కాడు. తనకు తెలిసిన అర్థాన్ని వాడుకొన్నవాడు. ఇక్కడ భవనం ఇల్లు కాదని, అవడం అనే అర్థమిచ్చే సంస్కృత ధాతువునుంచి వచ్చిన రూపమనీ, అంతకుముందు అలా లేనిది అలా కావడాన్ని ఈ పదనిర్మాణం సూచిస్తుందనీ తెలుగు ఉపాధ్యాయుడు రెండు నిమిషాల్లో చెప్పగలడు. చ్వి ప్రత్యయమన్న పేరు చెప్పనవసరం లేదు. ఆ ఒక్క తాళంచెవితో ద్రవీభవనం, ఘనీభవనం, బాష్పీభవనం వరుసగా తెరుచుకుంటాయి. అయితే అక్కడితో ఆగితే కొత్త పొరపాటు మొదలవుతుంది. వక్రం అంటే వంకర. మాటను నమ్మిన విద్యార్థి కిరణాన్ని విల్లులా వంచి గీసే అవకాశం ఉంది. కాంతి కిరణం వంపు తిరగదనీ, రెండు యానకాలు కలిసే చోట దిశ మార్చుకొని మళ్ళీ సరళరేఖలోనే పోతుందనీ భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు అప్పుడు కలుగజేసుకోవాలి. మాటను తెరిచేది ఒకరు, మాట ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో చూపేది మరొకరు. ఈ రెండు పనులూ ఒకే వ్యక్తి చేయలేడని కాదు. ఆ రెండింటికీ ఒకే వ్యక్తికి శిక్షణ ఇచ్చే వ్యవస్థ మనకు లేదు.

పరిభాషను పరీక్షించే అవకాశం కూడా ఈ కలయికలో ఉంది. నీరు ఆవిరి కావడం బాష్పీభవనం, ఆవిరి నీరు కావడం సాంద్రీకరణం. ఒకచోట భవనం, మరొకచోట కరణం. భవనం తానుగా అవడం, కరణం ఒకరు చేయడం. చల్లని గ్లాసు మీద చేరే నీటిబిందువులను ఎవరు చేశారు? పదాలను ఇలా ఎదురెదురుగా నిలిపినప్పుడు పాఠ్యపుస్తక పరిభాషలోని అసమానత బయటపడుతుంది. కర్త, కర్మ, సకర్మక అకర్మక క్రియల చర్చ భౌతికశాస్త్రపు తరగతిలోకి సహజంగా వస్తుంది. వ్యాకరణం ఇంత అవసరంగా కనిపించే సందర్భం తెలుగు తరగతిలో దొరకడం కష్టం.

కిరణజన్య సంయోగక్రియ మరింత సారవంతమైన ఉదాహరణ. కిరణముల చేత జన్యమా, కిరణముల వలన జన్యమా? తృతీయా తత్పురుషమా, పంచమీ తత్పురుషమా? పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా ఇది నిస్సారం. జీవశాస్త్ర ఉపాధ్యాయుడు పక్కన ఉంటే ఇదే ప్రశ్న ప్రాణం పోసుకుంటుంది. కాంతి కర్తా, హేతువా, శక్తి వనరా? ఇక సంయోగక్రియ అన్న భాగం కలయికను మాత్రమే చెబుతుంది. ఆ ప్రక్రియలో నీటి అణువు విడిపోవడం, ఆక్సిజన్ వెలువడడం కూడా ఉన్నాయి. అవి పేరులో లేవు. పేరు ప్రక్రియలో సగాన్నే చెబుతున్నదన్న ఎరుక విద్యార్థికి కలిగితే, నిర్వచనం అప్పజెప్పడంకంటె అది ఎక్కువ విద్య. కన్నడ పాఠ్యపుస్తకాలు ఇదే ప్రక్రియను ద్యుతిసంశ్లేషణె అంటాయి. ద్యుతి అంటే వెలుగు, సంశ్లేషణ అంటే కూర్పు. ఆంగ్ల పదంలోని ఫోటో, సింథసిస్ అనే రెండు భాగాలకు ఇది దగ్గరి అనువాదం. మూడు భాషల పదాలను నల్లబల్లమీద పక్కపక్కన రాసినప్పుడు ఏ పదం దేనిని ముందుకు తెచ్చిందో పోల్చవచ్చు. ఆ పోలికలో కన్నడ ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు వెనుకబడినవాడు కాదు. అదనపు ఆధారం చేతిలో ఉన్నవాడు.

ఆంగ్ల పదాలే వాడుకుంటే ఈ తంటా ఉండదు కదా అన్న అభ్యంతరం వినిపిస్తుంది. వ్యవహారంలో జరుగుతున్నదీ అదే. కాని ఫోటోసింథసిస్ కూడా సమాసమే. గ్రీకు తెలియని పిల్లవానికి అదీ మూసిన తలుపే. తెరవవలసినది ఆంగ్ల ఉపాధ్యాయుడు. తలుపులు మార్చినంత మాత్రాన తాళంచెవి అవసరం తీరదు.

ఒకే మాట పలు విషయాల్లో పలు అర్థాలతో తిరగడం మరొక సమస్య. వర్గం అన్న పదాన్ని గణితంలో సంఖ్యను అదే సంఖ్యతో గుణించగా వచ్చే ఫలితానికి వాడతాం. జీవశాస్త్రంలో జీవుల వర్గీకరణలో అది ఒక మెట్టు. సాంఘికశాస్త్రంలో సమాజంలోని ఒక శ్రేణి. తెలుగు వ్యాకరణంలో కవర్గ చవర్గాలు. ఘనం అన్నది గణితంలో ఘనమూలానికి, ఘనపరిమాణానికి, భౌతికశాస్త్రంలో ఘన పదార్థానికి, తెలుగులో ఘనతకు మూలం. ఒకే రోజు మూడు పీరియడ్లలో మూడు అర్థాలతో వినిపించే ఈ మాటలను ఏ ఉపాధ్యాయుడూ పక్కపక్కన పెట్టడు, ఎందుకంటే ప్రతి ఒక్కరికీ తన అర్థం ఒక్కటే వినిపిస్తుంది. మూడూ వినేది విద్యార్థి ఒక్కడే.

6. వేరుశనగ పాఠం:

పరిభాష అంతా సంస్కృతంలోనే ఉందనుకోవడం సరికాదు. అనంతపురం ప్రాంతపు ప్రధాన పంట వేరుశనగ. పాఠ్యపుస్తకం పేరు వేరుశనగ, ఊళ్ళో మాట శెనక్కాయ, కొన్నిచోట్ల బుడ్డలు. కన్నడ ఇళ్ళలో కడలెకాయి, కన్నడ గ్రంథభాషలో నెలగడలె. వర్షాధార సేద్యపు కుటుంబాలనుంచి వచ్చిన పిల్లలకు ఈ మొక్క గురించి ఉపాధ్యాయునికంటె ఎక్కువ తెలిసి ఉండవచ్చు.

వేరుశనగ అన్న పేరు కాయ వేరుకు కాస్తుందన్న భ్రమ కలిగిస్తుంది. నిజానికి పువ్వు నేలపైనే పూస్తుంది. ఫలదీకరణ తరువాత అండాశయం అడుగుభాగం కాడలా సాగి మట్టిలోకి దిగుతుంది. దానినే రైతులు ఊడ దిగడం అంటారు. కాయ ఊరేది ఆ ఊడ కొన వద్ద. వేర్ల మీద ఉండేవి కాయలు కావు, నత్రజనిని స్థిరీకరించే సూక్ష్మజీవుల నివాసమైన బుడిపెలు. నెలగడలె అంటే నేల శనగ. వేరు ప్రసక్తి లేని ఈ కన్నడ పేరు వృక్షశాస్త్రానికి మరింత దగ్గరగా ఉంది. పుస్తకపు పేరుకంటె ఇంటి భాష పేరు శాస్త్రీయమైన సందర్భమిది. జీవశాస్త్ర, తెలుగు ఉపాధ్యాయులు, కన్నడం తెలిసిన మరొకరు కలిసి పొలం గట్టున చెప్పదగిన పాఠం. వాన ఆలస్యమైతే గట్టిపడిన నేలలోకి ఊడ ఎందుకు దిగలేదో అక్కడే కనబడుతుంది. దిగుబడి లెక్క వేయడానికి గణిత ఉపాధ్యాయుడు, పంట పోయిన ఏడు ఊరు ఎటు వలసపోయిందో చెప్పడానికి సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు అవసరమవుతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. విషయాలను కలపడం పేరిట అన్నింటినీ ఒకే పంట చుట్టూనో, ఒకే పండుగ చుట్టూనో తిప్పడం బోధన కాదు. అమరాపురం మండలంలోని హేమావతి నొళంబుల రాజధానిగా ప్రసిద్ధం. అక్కడి శిల్పాలను, కన్నడ శాసనాలను చూపడానికి సాంఘికశాస్త్ర, భాషా ఉపాధ్యాయులు కలిసి వెళ్ళడానికి కారణం ఉంది. శాసనభాష చదవకుండా ఆ చరిత్ర అందదు. అదే యాత్రలో స్తంభాల ఎత్తు కొలిచి గణితాన్ని కూడా చేర్చామనుకోవడం నివేదిక కోసం చేసే అలంకారమే. ఒక విషయం లేకుండా రెండో విషయం అర్థం కానిచోట మాత్రమే ఇద్దరు బోధకులు కావాలి. ఈ గీటురాయి లేని బృంద బోధన ప్రాజెక్టు పనుల ప్రదర్శనగా మిగులుతుంది.

7. తరగతుల మధ్య గోడ:

కిరణజన్య సంయోగక్రియ ఏడవ తరగతిలో పోషణ పాఠంలో ఒకసారి, పదవ తరగతిలో జీవక్రియల పాఠంలో మరొకసారి వస్తుంది. మధ్యలో మూడేళ్ళు. రెండు తరగతులనూ నెలకొకసారి ఒకచోట కూర్చోబెట్టి, పదవ తరగతి విద్యార్థి చేత ఏడవ తరగతి విద్యార్థికి ఆ మాటను విప్పించడం క్యాంబెల్ మెచ్చిన పద్ధతికి నేటి రూపం. చెప్పేవానికి తనకు ఏది తెలియదో చెబుతున్నప్పుడే తెలుస్తుంది. సరిహద్దు గ్రామంలో మరొక ప్రయోజనం ఉంది. ఉపాధ్యాయుడు వేరే జిల్లా నుంచి వచ్చి కన్నడం తెలియనివాడైతే, ఆ భాషలో వివరించగల ఏకైక బోధకుడు పై తరగతి విద్యార్థే.

దీనిని తరగతుల విలీనంతో కలపరాదు. 2022 జూన్‌లో వెలువడిన 117వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలను సమీప ఉన్నత పాఠశాలలకు తరలించి, విషయ ఉపాధ్యాయుల చేత బోధింపజేసే ఏర్పాటు చేసింది. వ్యతిరేకత తరువాత 2025లో ప్రభుత్వం దానిని వెనక్కు తీసుకుంది. ఆ ఉత్తర్వు తరగతులను ఒకే ప్రాంగణంలోకి తెచ్చిన మాట నిజం. వాటి మధ్య బోధనా సంబంధాన్ని మాత్రం ఏర్పరచలేదు. అంతవరకు ఒకే ఉపాధ్యాయుడు తెలుగు, గణితం, పరిసరాల విజ్ఞానం కలిపి చెప్పే ఎనిమిదేళ్ళ పిల్లవానికి, ఉన్నత పాఠశాలలోని విషయ విభజనను ముందుగానే అంటగట్టింది. బృంద బోధన దృష్టితో చూస్తే దిశ తారుమారైంది. చిన్న బడిలో సహజంగా ఉన్న సమైక్యతను పెద్ద బడికి నేర్పవలసిందిపోయి, పెద్ద బడిలోని విభజనను చిన్న బడికి నేర్పింది.

8. కాలపట్టిక లెక్క:

బృంద బోధనకు వచ్చే ప్రధాన అభ్యంతరం ఉపాధ్యాయుల కొరత. ఒక గదిలో ఇద్దరుంటే మరొక గది ఖాళీ అవుతుందన్నది ఆ వాదం. లెక్క వేసి చూడవచ్చు. ఆరు నుంచి పది వరకు ఒక్కొక్క సెక్షను ఉన్న పాఠశాలను ఊహిస్తే, రోజుకు 8 పీరియడ్లు, వారానికి 6 రోజుల చొప్పున ఒక తరగతికి 48, ఐదు తరగతులకు 240 పీరియడ్లు. ఏడు విషయాలకు ఏడుగురు, వ్యాయామ ఉపాధ్యాయునితో ఎనిమిదిమంది ఉంటే, సగటున ఒక్కొక్కరికి 30 పీరియడ్లు వస్తాయి. తరగతికి వారానికి రెండు పీరియడ్లు ఇద్దరు కలిసి చెబితే అదనంగా కావలసినవి 10. సగటున ఒక్కొక్కరికి ఒకటింబావు పీరియడు పెరుగుతుంది.

సగటు ఇక్కడ మోసం చేస్తుంది. పరిభాష ఆధారంగా బృంద బోధన జరిగితే ఆ పదింటిలో పదీ తెలుగు ఉపాధ్యాయుని మీద పడే ప్రమాదముంది. అతని భారం 30 నుంచి 40కి చేరుతుంది. సమాధాన పత్రాలు దిద్దే పని అందరికంటె ఎక్కువగా ఉన్న భాషా ఉపాధ్యాయునికి ఇది న్యాయం కాదు. పైగా ఒక పోస్టు ఖాళీ అయితే లెక్క మొత్తం కూలుతుంది. మారుమూల మండలాల్లో ఆ ఖాళీలు ఊహాజనితం కావు. కనుక తరగతికి పక్షానికొక పీరియడుతో మొదలుపెట్టడం ఆచరణీయం. అప్పుడు ఐదు తరగతులకు కలిపి వారానికి రెండున్నర పీరియడ్లే అదనం. తెలుగు, ఆంగ్ల ఉపాధ్యాయులు దానిని పంచుకోవచ్చు. సమీప పాఠశాలలు వనరులను పంచుకోవాలన్న పాఠశాలల సముదాయ భావనను 1964-66 నాటి కొఠారీ కమిషనే ప్రతిపాదించింది. ఆ సముదాయ సమావేశాలు ఇప్పుడు విషయాలవారీగా జరుగుతాయి. తెలుగువారు ఒక గదిలో, జీవశాస్త్రం వారు మరొక గదిలో కూర్చుంటారు. ఏడాదిలో రెండు సమావేశాలను తరగతులవారీగా జరిపితే, పదవ తరగతికి బోధించే అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చొని ఏ మాట ఏ నెలలో ఎవరి పాఠంలో వస్తుందో చూసుకోగలుగుతారు. దీనికి కొత్త పోస్టు అక్కరలేదు.

మిగిలినది పరీక్ష. పదవ తరగతి పబ్లిక్ పరీక్షల్లో తెలుగుకు, భౌతికశాస్త్రానికి, జీవశాస్త్రానికి పత్రాలు వేరు. పరీక్షలో రానిది తరగతిలో ఎక్కువ కాలం నిలవదని ఉపాధ్యాయులకు తెలుసు. విజ్ఞానశాస్త్ర పత్రాలను మార్చడం కష్టం కావచ్చు. తెలుగు పత్రంలో సమాసాల ప్రశ్నను మార్చడానికి ప్రశ్నపత్ర రూపకర్తల నిర్ణయం చాలు. ముక్కంటి, నవగ్రహాలు ఉన్న చోట సమద్విబాహు త్రిభుజం, పత్రహరితం, బాష్పోత్సేకం ఇచ్చి విగ్రహవాక్యం రాయమనవచ్చు, సంధి విడదీయమనవచ్చు. ఆ ప్రశ్న ఒకసారి వచ్చిన మరుసటి ఏడాది తెలుగు ఉపాధ్యాయుడు బాష్పోత్సేకం అంటే సరిగ్గా ఏమిటో అడగడానికి జీవశాస్త్ర ఉపాధ్యాయుని దగ్గరకు వెళ్ళవలసి వస్తుంది.